ఏడు సముద్రాల అవతల చిలక

కంచు రాక్షసుడి ప్రాణం మడమలో ఉంటుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. ఎక్కడి గ్రీసు, ఎక్కడి నాగళ్లపూడి గట్టు! అయినా ఆ పాత సాహసగాథల ముందు నానమ్మా మనవడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఎందుకని?

మధ్యాహ్నం మూడు దాటింది. మెండోరలో ఓ గూనపెంకుల ఇల్లు. వసారాలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది నానమ్మ. పక్కనే బోర్లా పడుకుని ఫోన్లో సినిమా చూస్తున్నాడు పదేళ్ల మనవడు. మాటలు ఇంగ్లీషువి. వాడికి సగం కూడా అర్థం కావడం లేదు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు. సముద్రం ఒడ్డున తాటిచెట్టును మించిన కంచు విగ్రహం మెల్లగా తల తిప్పింది. కింద మనుషులు చీమల్లా పరుగెడుతున్నారు.

''ఏందిరా గది? గంత పెద్దగున్నడు?''

''రాక్షసుడు నానమ్మా. కంచుతోటి చేసిన్రు. కత్తులతోటి కొట్టినా సస్తలేడు.''

''ఎట్ల సస్తడు? పానం యాడనో దాసి ఉంటడు. సూడు, దొరుకుతది.''

రెండు నిమిషాలు గడిచాయి. హీరో చప్పుడు చేయకుండా విగ్రహం వెనక్కి చేరి, మడమకున్న మూతను బలమంతా పెట్టి తిప్పాడు. లోపలున్నదంతా బయటికి కారిపోయింది. కంచు రాక్షసుడు గొంతు పట్టుకున్నాడు. ఒళ్లంతా బీటలు వారింది. కుప్పకూలాడు.

మనవడు లేచి కూర్చున్నాడు.

''నువ్వు గీ సినిమా సూసినవా నానమ్మా?''

''నేనెక్కడ సూసిన? మాయల ఫకీరు పానం చిలకల లేదా... గిదీ గంతే!''

పిల్లాడు చూస్తున్నది 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'. 1963లో వచ్చిన సినిమా. రాజ్యం కోల్పోయిన జేసన్ అనే యువకుడు, లోకం చివర చెట్టుకు వేలాడే బంగారు గొర్రెచర్మం తేవడానికి ఓడెక్కుతాడు. దారిలో కంచు రాక్షసుడు టాలోస్, రెక్కల పిశాచాలు, ఏడు తలల సర్పం, కత్తులు దూసే అస్థిపంజరాలు... అన్నీ దాటాలి. గ్రీకు పురాణాల్లోని కథ అది.

అదే ఏడాది జూలై 26న మెండోరకు పక్కనే ఉన్న పోచంపాడులో నెహ్రూ గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అదే ఏడాది తెలుగులో ఎన్టీఆర్‌తో విఠలాచార్య తీసిన 'బందిపోటు' వచ్చింది. ఆ ప్రాజెక్టు తర్వాత శ్రీరాంసాగర్ అయింది. 42 గేట్లతో నిలిచింది. ఎన్నో ఊళ్లు నీళ్లలో కలిశాయి. బాల్కొండ మండలంలో ఉన్న మెండోర 2016లో తానే మండల కేంద్రమైంది. ఇంత మారింది. మారనిదల్లా ఒకటే... రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో ఈ ఊరి నానమ్మకు ముందే తెలిసిపోవడం!

బాల్నా, బాలనాగమ్మా

ఆమెకెలా తెలిసింది? అందులో మాయేం లేదు. తెలుగునాట బుర్రకథ విన్నవాళ్లందరికీ తెలిసిన రహస్యమే అది. బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్తనీ, బలగాన్నీ రాళ్లుగా మార్చేస్తాడు. నోము పట్టానంటూ ఏళ్ల తరబడి ఆ ఫకీరును దూరంగా ఉంచుతుంది బాలనాగమ్మ. ఊయలలో వదిలేసి వచ్చిన కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వస్తాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని బయల్దేరతాడు.

ఇప్పుడు గ్రీకు కథల వైపు చూడండి. అక్కడ మెడూసా అనే రాకాసి ఉంది. జుట్టంతా పాములే. ఆమె ముఖం చూసినవాళ్లు రాళ్లయిపోతారు. అక్కడ పెనెలొపీ అనే రాణి ఉంది. యుద్ధానికి పోయిన భర్త ఇరవై ఏళ్లు ఇంటికి రాడు. పెళ్లాడమని ఇంట్లో తిష్ఠవేసిన వాళ్లతో 'ఈ వస్త్రం నేయడం పూర్తయ్యాక చూద్దాం' అంటుంది. పగలు నేస్తుంది. రాత్రి విప్పేస్తుంది. బాలనాగమ్మ నోమూ, పెనెలొపీ మగ్గమూ ఒకే తెలివికి రెండు పేర్లు.

అక్కడ రెక్కల గుర్రం పెగాసస్ ఉంటే ఇక్కడ కీలుగుర్రం ఉంది. 1949లో అక్కినేని, అంజలీదేవి నటించగా మీర్జాపురం రాజా తీసిన సినిమా పేరే 'కీలుగుర్రం'. మెడూసాను చంపడానికి వెళ్లే పెర్సియస్‌కు గ్రీకు కథలో ఎగిరే పాదరక్షలూ, తొడిగితే మాయమయ్యే టోపీ దొరుకుతాయి. 'పాతాళ భైరవి'లోనూ అంతే. మాయా చెప్పులూ, కప్పుకుంటే కనిపించని శాలువా!

ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారు? ఆ లెక్క తేలేది కాదు. వ్యాపారుల ఓడల్లో, యాత్రికుల మూటల్లో, అవ్వల నోళ్లలో కథలు అటూ ఇటూ తిరిగాయి. ఒక్క ఉదాహరణ చాలు. బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కుమార్తె మేరీ ఫ్రియర్, తన దగ్గర పనిచేసే ఆయా చెప్పిన దక్కను కథలన్నీ రాసుకుని 1868లో పుస్తకంగా అచ్చువేయించింది. అందులో ఓ మాంత్రికుడు రాజకుమారిని చెరబడతాడు. ఆమె భర్తను రాయి చేస్తాడు. ఆమె కొడుకు పెద్దవాడై, మాంత్రికుడి ప్రాణమున్న చిలకను పట్టుకొస్తాడు. ఆ రాజకుమారి పేరేమిటో తెలుసా... బాల్న! ప్రాణాన్ని ఒంట్లో కాకుండా మరెక్కడో దాచడం అనే ఊహ ప్రపంచంలో ఎన్నో చోట్ల కనిపిస్తుందని జానపద కథల పరిశోధకులు ఏనాడో పట్టికలు వేశారు. దానికి 'బాహ్యప్రాణం' అని పేరూ పెట్టారు.

మెండోర నానమ్మకు ఆ పేరు తెలియదు. దానితో ఆమెకు పనీ లేదు. ఎంత పెద్దవాడికైనా ఎక్కడో ఒకచోట ప్రాణం ఉంటుందన్నది ఆమెకు తెలుసు. చాలా పెద్దవాళ్ల ముందు చాలా చిన్నవాళ్లుగా బతికిన జనానికి అంతకంటే ధైర్యం చెప్పే మాట ఏముంటుంది?

ఇద్దరు మాయగాళ్లు

కథ పాతదే. దాన్ని తెరమీద నిజం చేసిందెవరు?

చిత్రంగా 1920లోనే ఇద్దరు పుట్టారు. జనవరి 28న ఉడుపి దగ్గర బి.విఠలాచార్య. జూన్ 29న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో రే హ్యారీహౌసెన్. ఒకరికొకరు తెలియరు. చేసిన పని మాత్రం దాదాపు ఒకటే. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం!

హ్యారీహౌసెన్‌కు పదమూడేళ్లప్పుడు 1933లో 'కింగ్ కాంగ్' వచ్చింది. ఆ గొరిల్లాను చూసిన పిల్లాడు మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఇంట్లోనే బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లోపలి లోహపు ఎముకలు నాన్న చేసిపెట్టేవాడు. బట్టలకు అమ్మ సాయం. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో... మళ్లీ కదిపి మరో ఫొటో. సినిమాలో ఒక్క సెకనుకు అలాంటివి 24 కావాలి. 'జేసన్'లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. తెరమీద నాలుగైదు నిమిషాలు మించని ఆ పోరాటానికి ఆయనకు నాలుగున్నర నెలలు పట్టింది. రోజంతా కష్టపడితే ఒక్కోసారి 13 ఫ్రేములే అయ్యేవి. అంటే తెరమీద అర సెకను! పెర్సియస్ కథతో 1981లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' ఆయన చివరి పెద్ద సినిమా. 1992లో ఆస్కార్ వాళ్లు ఆయన్ను సత్కరించినప్పుడు, తన దృష్టిలో అన్నిటికంటే గొప్ప సినిమా 'జేసన్' అని వేదిక మీదే ప్రకటించాడు నటుడు టామ్ హ్యాంక్స్. హ్యారీహౌసెన్ 2013లో కన్నుమూశారు.

మరి విఠలాచార్య? చిన్ననాడే ఇల్లు విడిచి అరసికెరెలో హోటలు నడిపారు. తర్వాత హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు పెట్టారు. వచ్చిన ప్రతి సినిమా చూస్తూనే సినిమా తీయడం నేర్చుకున్నారు. జనం ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ పిల్లలు అమ్మ కొంగులో దూరతారో ఆయన పుస్తకాల్లో చదవలేదు. డేరాలో చూశారు. తెలుగులో 1955లో 'కన్యాదానం'తో మొదలుపెట్టి 'అగ్గిపిడుగు', 'జ్వాలాద్వీప రహస్యం', 'మంగమ్మ శపథం', 'గండికోట రహస్యం' మీదుగా 1978లో 'జగన్మోహిని' దాకా వచ్చారు. జనం జానపద బ్రహ్మ అన్నారు. 1999లో ఆయన పోయేనాటికి ఆ పేరు ఓ నానుడి అయింది. నమ్మశక్యం కానిది ఏది కనిపించినా 'ఇదేం విఠలాచార్య సినిమారా' అనడం తెలుగువాళ్లకు ఇప్పటికీ అలవాటే.

ఆయన దగ్గర నాలుగున్నర నెలలు లేవు. అంత డబ్బూ లేదు. ఉన్నదల్లా కెమెరా, కత్తెర, కొండంత ఉపాయం. మనిషి మాయం కావాలా? కెమెరా ఆపు. అతన్ని పక్కకు పంపు. మిగతా వాళ్లెవరూ కదలకుండా మళ్లీ కెమెరా తిప్పు. ఒకే నటుడు ఇద్దరుగా కనిపించాలా? లెన్సులో సగం మూసి ఓ పక్క తీయి. ఫిల్మ్ వెనక్కి తిప్పి, రెండో సగం మూసి మరో పక్క తీయి. ఎగిరిపోవాలా? సన్నటి తీగ చాలు. 'జగన్మోహిని'లో దెయ్యం వంట చేయడానికి కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టే సన్నివేశం ఉంది. ఆ సినిమా కథ మరిచిపోయినవాళ్లు కూడా ఆ పొయ్యిని మరిచిపోలేదు. రోజూ చూసే పొయ్యిలోంచే భయం పుట్టింది మరి!

డేట్లు ఇవ్వకుండా సతాయించే నటుల పాత్రలను ముని శాపంతో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు కానిచ్చేసేవారని ఆయన గురించి పరిశ్రమలో ఓ ముచ్చట చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆయన సినిమాలు చూసినవాళ్లెవరూ దాన్ని కాదనరు.

ఈ లోకానికి తెలంగాణ నుంచి వెళ్లిన కథానాయకుడు కాంతారావు. కోదాడ దగ్గరి గుడిబండ ఆయన ఊరు. పౌరాణికాల్లో నారదుడిగా ఎంత మెప్పించినా, జనం పెట్టుకున్న పేరు మాత్రం 'కత్తి కాంతారావు'. ఆయన కత్తి పట్టుకున్న తీరు చూసి ఇంటికొచ్చిన పిల్లలకు ఆర్మూరు వైపు జొన్న కట్టె, బోధన్ వైపు చెరుకు గడ కత్తులయ్యేవి. ఓడినవాడి కత్తిని గెలిచినవాడు నమిలేయడం బోధన్ పిల్లలకు దక్కిన అదనపు సౌకర్యం!

తోటరాముడి తల్లి

ట్రిక్కులే కారణమైతే ఈ సినిమాలు ఎప్పుడో పాతబడాలి. ఈ రోజు చిన్న సీరియల్లో కూడా అంతకంటే మంచి గ్రాఫిక్స్ ఉంటున్నాయి. కాబట్టి అసలు కారణం ఇంకెక్కడో ఉండాలి. అది కూడా చిలకలాగే దాక్కుని ఉంది. వెతికితే 'పాతాళ భైరవి'లో దొరుకుతుంది.

1951 మార్చి 15న విడుదలైన ఈ సినిమాకు కె.వి.రెడ్డి దర్శకుడు. రచన పింగళి నాగేంద్రరావు. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. సంగీతం ఘంటసాల. కాశీమజిలీ కథల నుంచి కొంత, అల్లావుద్దీన్ దీపం నుంచి కొంత తీసుకుని అల్లిన కథ. 1952లో మనదేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఎన్టీఆర్‌ను జనం హీరోగా గుండెల్లో పెట్టుకున్నది ఇక్కడే. నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు పలికిన 'డింభకా' అనే పిలుపు ఇప్పటికీ ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఇప్పుడు మెరుపులన్నీ పక్కనపెట్టి కథ ఒక్కటే చూడండి. రాముడు తోటమాలి కొడుకు. ఇంట్లో తల్లి తప్ప ఎవరూ లేరు. ఆ తల్లి పాత్ర వేసింది తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి. రాముడు రాజు కూతుర్ని ఇష్టపడ్డాడు. సిరిసంపదలు తెచ్చి చూపిస్తేనే పిల్లనిస్తానన్నాడు రాజు. డబ్బు లేదు. సరిగ్గా అప్పుడే ఒకడు తారసపడ్డాడు. తియ్యగా మాట్లాడతాడు. 'నా వెంట రా, నీ దరిద్రం తీరుస్తా' అంటాడు. దూరదేశం తీసుకుపోతాడు. వాడి మనసులో ఉన్నది వేరు. కుర్రాణ్ని బలివ్వడం!

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఈ కథకు టీకా తాత్పర్యం అక్కర్లేదు. గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు ఇక్కడ అరుదు. బిడ్డ పెళ్లికో, బోరు బావి అప్పుకో, ఇంటి మీద స్లాబుకో డబ్బు కావాలి. ఏజెంటు వస్తాడు. జీతం ఇంత, తిండీ వసతీ కంపెనీదే అంటాడు. చేతికి వీసా వస్తుంది. విమానం దిగాక గానీ అది ఏ వీసానో తెలియదు. చెప్పిన పని ఒకటి, చేయించే పని ఒకటి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరో ఉంటుంది. అందరు ఏజెంట్లూ నేపాళ మాంత్రికులు కారు. ఎంతోమంది కష్టపడి సంపాదించి ఇళ్లు నిలబెట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. కానీ మాంత్రికుడి చేతిలో పడ్డవాడి కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది.

రాముడు ఎలా బతికాడు? బలికి ముందు మడుగులో స్నానం చేయమంటే దిగాడు. మొసలి మీదపడింది. దాన్ని చంపాడు. శాపం తీరిన ఆ మొసలి అసలు సంగతి చెప్పింది. అంటే దూరదేశంలో నిజం చెప్పే ఒక్క మనిషి దొరికాడన్నమాట! తర్వాత అన్నీ పోగొట్టుకున్నప్పుడు కాపాడింది బంగారు బొమ్మ కాదు, వెంట వచ్చిన స్నేహితుడు అంజి. ఇద్దరూ ఉపాయం పన్ని మాంత్రికుడి గడ్డం తీయించేస్తారు. దాంతో వాడి పని అయిపోతుంది. బొమ్మ ఎవరి చేతికైనా పోవచ్చు. నేస్తం మాత్రం పోడు. పరాయి దేశంలో ఒకే గదిలో పదిమంది సర్దుకుని బతికినవాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పాలా?

గ్రీకు కథలూ ఇదే దారి. జేసన్‌ను బంగారు గొర్రెచర్మం కోసం ఉసిగొల్పింది అతడి రాజ్యం కాజేసిన పీలియాసే. పోయినవాడు తిరిగిరాడని వాడి ధీమా. పెర్సియస్ తల్లిమీద కన్నేసిన రాజే అతణ్ని మెడూసా తల తెమ్మని పంపాడు. రాక్షసులు దారిలో తర్వాత తగులుతారు. మొదటి రాక్షసుడు ఎప్పుడూ పంపించినవాడే!

డేరా నుంచి ఫోను దాకా

సినిమా రాకముందు ఈ ప్రాంతానికి మాయలు చూపించింది యక్షగానమే. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందు ఎల్లమ్మ వంటి కళాకారులు రాత్రంతా ఆడి తెల్లవారేదాకా ఊరిని కూర్చోబెట్టేవారు. 2005లో ఎల్లమ్మ కన్నుమూశారు. తర్వాత డేరా టాకీసులు వచ్చాయి. నేల టికెట్టు కొని, ఇసుకను గుట్టగా చేసుకుని దానిమీద కూర్చుంటే అదే సింహాసనం. రీలు మార్చే విరామంలో కూడా పిల్లలు వెనక్కి తిరిగి చూసేవారు కాదు. చీకట్లో దెయ్యం ఉందేమోనని!

ఆ తర్వాత వచ్చిన మార్పు ఈ పల్లెలకు కాస్త ప్రత్యేకం. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు దుప్పట్లు, సెంటు సీసాలు, టేపురికార్డర్లతో పాటు వీసీఆర్లు తెచ్చారు. 1980ల్లో ఒకరింట్లో వీసీఆర్ ఉంటే వాడకట్టంతా ఆ ఇంటి ముందే. రాత్రికి మూడు క్యాసెట్లు. ఒకటి కొత్త సినిమా, ఒకటి భక్తి సినిమా. మూడోది మాత్రం జానపదం ఉండి తీరాలి. పిల్లలు నిద్రపోకుండా ఉండేది దానికోసమే. సముద్రాలు దాటిపోయినవాడు తెచ్చిన పెట్టెలో, సముద్రాలు దాటిపోయినవాడి కథ! 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక మధ్యాహ్నపు సినిమా పెట్టుకుని బీడీలు చుట్టడం ఆడవాళ్లకు అలవాటైంది. కళ్లు ఆకు మీద, చెవులు రాజనాల నవ్వు మీద.

ఇప్పుడు అదే సినిమా అరచేతిలోకి వచ్చింది. దాంతోపాటు గ్రీకు పురాణమూ వచ్చింది. 1981 నాటి పెర్సియస్ కథను 2010లో మళ్లీ తీశారు. మన పంజాబ్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ 2011లో 'ఇమ్మోర్టల్స్' తీశారు. హోమర్ 'ఒడిస్సీ'ని క్రిస్టఫర్ నోలన్ తెరకెక్కిస్తున్నట్టు 2024 డిసెంబరులో ప్రకటన వెలువడింది. మూడు వేల ఏళ్లకు దగ్గరపడుతున్న కథ ఇంకా కొత్తగానే అమ్ముడవుతోంది.

లోపాలు లేవా?

ఎందుకు లేవూ! తీగలు కనిపిస్తాయి. కోటగోడ గాలికి ఊగుతుంది. ఒకే గుహ నాలుగు సినిమాల్లో దర్శనమిస్తుంది. అందమైన ఆడది మోహినో, ఎత్తుకుపోవడానికి దాచిన సొత్తో అయిపోతుంది. ఎర్రటి నాలుకా, నల్లటి ఒళ్లూ ఉంటే చాలు రాక్షసుడైపోతాడు. నవ్వించడానికి పొట్టివాళ్లనూ లావువాళ్లనూ వాడుకున్న తీరు ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. పిల్లలతో కలిసి చూసేటప్పుడు ఆ మాట చెప్పాలి కూడా.

అయితే తీగ కనిపించడం మాత్రం లోపం కాదేమో. తీగ కనిపించినప్పుడు పిల్లాడు 'నేను కనిపెట్టేశా' అంటాడు. మరుక్షణం దాన్ని మరిచిపోయి గుర్రంతో పాటు ఎగిరిపోతాడు. కంప్యూటరు అన్నీ తానే చేసిపెట్టిన బొమ్మలో పిల్లాడికి పని లేదు. చేత్తో చేసిన మాయలో సగం మాయ చూసేవాడే చేయాలి. హ్యారీహౌసెన్ అస్థిపంజరాలు కాస్త కుదుపుగా కదులుతాయి. కలలో నడిచినట్టుంటుంది. మెండోర కుర్రాడు ఆ యుద్ధాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడంటే, అది నిజంలా ఉన్నందుకు కాదు. ఎవరో కూర్చుని చేసినట్టున్నందుకు. రోజూ వెయ్యి బీడీలు చుట్టే చేతుల పక్కన పెరిగినవాడికి చేతిపని విలువ తెలియదా?

సగం కథ

సాయంత్రమైంది. చాటలో కట్టలు పేరుస్తోంది నానమ్మ. ఫోన్లో జేసన్ బంగారు గొర్రెచర్మం దక్కించుకున్నాడు. ఏడు అస్థిపంజరాల నుంచి తప్పించుకుని సముద్రంలోకి దూకాడు. ఓడ ఎక్కాడు. పైన దేవుడు నవ్వుతూ, వీడికి ఇంకా సాహసాలున్నాయి, ఆట మరోరోజు ఆడదాం అన్నాడు. సినిమా అయిపోయింది.

మనవడు తెరవైపే చూస్తున్నాడు.

''అయిపోయిందా?''

''ఆఁ. గని ఇంటికి పోనేలేదు నానమ్మా. ఓడలనే ఉన్నడు.''

నిజమే. గ్రీకు పురాణంలో జేసన్ ఇల్లు చేరతాడు. 1963 నాటి సినిమా మాత్రం సముద్రం మీదే ఆగిపోతుంది. ఎన్నో దేశాల పిల్లలు అరవై ఏళ్లకు పైగా ఆ సినిమా చూస్తున్నారు. అస్థిపంజరాల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. ఇంటి గురించి అడగాలంటే, మూడేళ్లుగా నాన్నను ఫోన్లో మాత్రమే చూస్తున్న పిల్లాడు కావాలి.

నానమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ దారం అందుకున్నాయి.

''గట్లయితే గది సగం కతనే. పాతాళ భైరవి పెట్టు. తోటరాముడు మల్ల వాళ్లమ్మ కాడికొస్తడు.''

''అది సూసినంగద, మస్తుసార్లు!''

''అయితే ఏంది? మల్ల సూద్దాం. పోయినోడు ఇంటికి రావాలె బిడ్డా... గప్పుడే కత అయినట్టు.''